గోదావరి వచ్చినంత ఎత్తున ఎర్ర పట్టీ

నా చిన్నప్పుడు ఇంటికి రంగులు ఎంచుకోవడమంటే ఇంత తతంగం లేదు. గోడలకి తెల్ల సున్నం, అందులో చిటికెడు నీలిమందు, తలుపులకీ ద్వారబంధాలకీ ఆకుపచ్చ. ఊరంతా అదే. ఇప్పుడు మా అబ్బాయి రాజమండ్రిలో కొత్త ఇల్లు కట్టాడు. మా కోడలు రంగుల అట్టల పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టి, మీ గదికి మీరే ఎంచుకోండి అత్తయ్యగారూ అంది. మంచి పిల్ల, కాదనను. కానీ ఆ పుస్తకం నిండా తెలుపే. ఒకటి పాలమీగడట, ఒకటి ముత్యమట, ఒకటి ఏనుగు దంతమట. నేను పుస్తకం మూసేసి, తెలుపు ఏదైనా నాకొకటే, గోడల చుట్టూ జానెడు వెడల్పున ఎర్ర పట్టీ మాత్రం కావాలి అన్నాను.

"గోడ మధ్యలో ఎర్ర పట్టీ ఏంటండీ, బస్టాండులాగా!" అని కోడలు నవ్వింది. అబ్బాయీ నవ్వాడు. రంగులు చూడ్డానికి వచ్చిన డిజైనరమ్మాయి నవ్వలేదు గానీ, ఇలాంటివి ఇప్పుడెవరూ వేయించుకోవడం లేదండి అని ఫోనులో ఏవో బొమ్మలు చూపించింది. ఎవరూ వేయించుకోకపోతే నాకేం? గది నాదన్నారు, పట్టీ పడాల్సిందే అన్నాను. ఎందుకో చెప్పాలంటే మా మామ్మ గురించి చెప్పాలి. మా వైపు నాన్నమ్మని మామ్మ అంటాం.

మాది గోదావరి మధ్యన ఒక లంక ఊరు. రామచంద్రపురం వెళ్లాలన్నా, ద్రాక్షారామం తీర్థానికి వెళ్లాలన్నా ముందు పడవెక్కి ఏరు దాటాలి. ఒండ్రు నేల, ఏం పాతినా లేచి నిలబడేది. కొబ్బరి, అరటి, కంద, దొండపాదులు. ఏటా వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చేది, పాదుల్లోకి వచ్చి చూసి పోయేది. దాన్ని మేమెవ్వరం వరదనుకునేవాళ్లం కాదు. నాకు ఐదారేళ్లప్పుడు మాత్రం అది ఇంట్లోకి వచ్చింది. వసారా ఎక్కి, సావిడిలో నిలిచింది. ఇంటిల్లిపాదీ అటకెక్కి కొబ్బరికాయల రాశి పక్కన కూర్చున్నాం. మామ్మ తన కొంగు తెచ్చి నా నడుముకి ముడేసింది. అటుకులూ బెల్లమూ తిన్నాం. కింద మా బియ్యపు డబ్బా తేలుతూ గోడకి కొట్టుకుంటున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నీరు తీశాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు మిగిలింది. అదంతా ఎత్తిపోసి కడిగితే, గోడల మీద ఒక గీత బయటపడింది. మట్టిరంగు గీత, ఇల్లంతా చుట్టూ ఒకే ఎత్తున. నీళ్లంత తిన్నగా గీత గీసే మేస్త్రి ఇంకా పుట్టలేదని తాతయ్య అనేవాడు. అది మామ్మకి గొంతు దగ్గరికి వచ్చేది. నాకు తలకంటే చాలా పైన.

ఆ గీతంటే మా ఊళ్లో అందరికీ సిగ్గు. మునిగిన కొంపలోకి పిల్లనెవరిస్తారు? ఏటికి అవతల గట్టు దాటితే అన్నీ మెరక ఊళ్లు, నీళ్లెక్కని ఊళ్లు. లంకలోకి పిల్లనిచ్చేకంటే గోదాట్లోకి తోసేయడం నయం అని ఆ మెరకవాళ్లు మొహం మీదే అనేవారు. అందుకని నీరు తియ్యగానే ఊరు ఊరంతా సున్నం కొట్టేది. కొట్టిన కొత్తలో బాగానే ఉండేది. నాలుగు వానలు పడి గోడ చెమ్మెక్కేసరికి, సున్నం కిందనుంచి గీత మళ్లీ తేలేది. అప్పుడు దాని మీద క్యాలెండర్లు తగిలించేవాళ్లు. బట్టల కొట్టు క్యాలెండర్లు, ఎరువుల కొట్టు క్యాలెండర్లు, ఏళ్ల కిందటివి కూడా. ఏ ఇంట్లోనైనా గోడల చుట్టూ ఒకే ఎత్తున వరసగా దేవుళ్లు వేలాడుతున్నారంటే, ఆ ఇంట్లో పెళ్లికెదిగిన కుర్రాడున్నాడన్నమాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దాచిన చోటే చూపించుకునేవారు పాపం.

మా ఇంట్లో అలాంటి కుర్రాడు మా బాబాయి. శివరాత్రికి ద్రాక్షారామం తీర్థంలో ఒక పిల్లని చూసి మనసు పారేసుకున్నాడు. మెరక ఊరి పిల్ల. రామచంద్రపురంలో ఇచ్చిన మా మేనత్త, బాబాయికి అక్క, ఎవరెవరినో పట్టుకుని ఆ సంబంధం కదిపింది. పిల్ల తండ్రి మా ఇల్లు చూసుకోవడానికి వస్తానని కబురు చేశాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఇల్లు చూశాకే తప్పిపోయాయి. బాబాయి అన్నం సయించక తిరుగుతున్నాడు. ఈ పిల్ల కాకపోతే ఇంకెవరూ వద్దని మా అమ్మతో అన్నాడట.

అత్తయ్య చంకలో క్యాలెండర్ల చుట్టతో దిగింది. సున్నం కొట్టించింది, మేకులు కొట్టించింది, ఇల్లంతా దేవుళ్లని నిలబెట్టింది. వాళ్లు వచ్చే రోజు తెల్లారాక చూద్దును గదా, క్యాలెండర్లన్నీ నేల మీద బోర్లా పడున్నాయి. మామ్మ జేగురు, అదే ఎర్రమట్టి, రోట్లో నూరి, తుమ్మబంక నీళ్లలో కలుపుతోంది. కొబ్బరిపీచు కుంచె తీసుకుని, కొత్త సున్నం కిందనుంచి లీలగా కనబడుతున్న ఆ మరక మీదే, జానెడు వెడల్పున, సావిడి చుట్టూ ఎర్రగా పట్టీ వేసుకుంటూ పోయింది. తలుపులు వచ్చినచోట ద్వారబంధాల మీద కూడా వేసింది. ఆకుపచ్చ మీద ఎరుపు, ఎవరైనా వేస్తారా? నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. భలేగా ఉంది.

అత్తయ్య లేచి వచ్చి నెత్తి కొట్టుకుంది.

"అమ్మా, నీకేమైనా మతిపోయిందేంటే? వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఒక్క మరక దాచలేవా?"

మామ్మ కుంచె ఆపలేదు. "పెళ్లి చేసుకునేది వాడు. అటకెక్కేది ఆ పిల్ల. చంకలో బిడ్డనెట్టుకుని ఎక్కాలి. ఎంతెత్తు నీళ్లొస్తాయో దానికి ముందే తెలియక్కర్లేదా? దాచి తెచ్చుకుంటే, రేపు ఎర్రనీరు వచ్చిన్నాడు అది నా మొహం ఎలా చూస్తుందే?"

బాబాయి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. నా కొంప ముంచేశావమ్మా అని ఒక్క మాటని, గోదాటి వైపు వెళ్లిపోయాడు. మామ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కానీ పట్టీ తుడవలేదు. సావిడి నాలుగు పక్కలా పూర్తి చేసి, చేతులు కడుక్కుని, వచ్చేవాళ్ల కోసం కాఫీకి పాలు పక్కన పెట్టింది.

ఎండెక్కాక వాళ్లొచ్చారు. పిల్ల తండ్రి, ఆయన తల్లి. ఆ ముసలావిడ చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. ఆయన కుర్చీలో కూర్చుని నాలుగు వైపులా చూసి, ఏంటండీ ఈ ఎర్ర పట్టీ, కొత్త ఫ్యాషనా అన్నాడు. ఆయ్, ఇప్పుడు టౌన్లో అంతా ఇలాగే వేస్తున్నారండి అని అత్తయ్య అందుకుంది. మామ్మ అడ్డొచ్చింది.

"ఫ్యాషనూ కాదు, పాడూ కాదండి. గోదారి అక్కడిదాకా వచ్చింది. మేం అటకెక్కేం, దిగేం. మళ్లీ వస్తే మళ్లీ ఎక్కుతాం. మీ పిల్లనిస్తే ఆ పిల్లా ఎక్కాలి. ఇష్టమైతే కాఫీ తాగండి. లేదంటే మజ్జిగైనా తాగి వెళ్లండి, ఎండన పడి వచ్చేరు."

తాతయ్య పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆ ముసలావిడ కర్ర పొడుచుకుంటూ లేచి గోడ దగ్గరికి వెళ్లి, ఇంకా తడారని పట్టీ మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యంతా ఎర్రనైంది.

"మా పెద్ద మనవరాలికి ఈ లంకలోనే సంబంధాలు చూసేమండి" అంది. "వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కర్రతో క్యాలెండరెత్తి చూసేదాన్ని. కింద మరకుండేది. ఏంటని అడిగితే వాన చెమ్మ అనేవారు. మీ ఇంట్లో ఎత్తి చూడ్డానికి క్యాలెండరే లేకుండా చేసేరు." ఆగి, మా మామ్మని కిందనుంచి పైదాకా చూసి, "మా పిల్ల మీకంటే పొడుగేలెండి" అంది.

ఇంకేముంది, కుదిరిపోయిందనుకుంటారు. కుదరలేదు. పిల్ల తండ్రి ఆ రోజు మజ్జిగే తాగి వెళ్లాడు. బాబాయి ఆ వానాకాలమంతా మామ్మతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినడం, లేచిపోవడం. అత్తయ్య కోపమొచ్చి మా ఇంటికి రావడం మానేసింది. ఊళ్లోవాళ్లు మాది ఎర్ర పట్టీ ఇల్లని వెక్కిరించారు. మామ్మేం తక్కువ తిన్నదా, మీ క్యాలెండర్లలో తారీఖులన్నా మార్చుకోండర్రా, ఎప్పటివో అని తిరగేసి అనేది. కానీ బాబాయి తిని లేచిన పీట దగ్గర ఆవిడ ఊరికే కూర్చుండిపోవడం నేను చాలాసార్లు చూశాను. అంత బాధపడుతూ కూడా మనిషి మాట మార్చుకోకుండా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

దీపావళి వెళ్లాక ఒకనాటి పొద్దున్నే పడవలో ఆ పిల్ల తండ్రి ఒక్కడూ వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కాఫీ ఉందా అండి అని అడిగాడు. మామ్మ లోపలికి పరిగెత్తింది. బాబాయి ఆవిడ వెనకాలే వంటింట్లోకి వెళ్లి అమ్మా అన్నాడు. అంతే అన్నాడు. ఆవిడ కాఫీ పొంగించేసింది.

పెళ్లయి వచ్చాక పిన్ని నాకు చెప్పింది. ఇంటికెళ్లి వాళ్ల నాన్న వద్దంటే తనే అందట, ఇంకెక్కడికిచ్చినా వాళ్లేం దాచారోనని వెతుక్కుంటూ ఉండాలి నాన్నా, ఇక్కడైతే తెలిసిపోయింది కదా అని. వచ్చిన వారంలోనే పిన్ని ఇల్లంతా సర్దింది. బియ్యం, అగ్గిపెట్టెలు, బట్టల పెట్టె, అన్నీ ఎర్ర పట్టీకి పైన బల్లలు కొట్టించి పెట్టించింది. కిందన పోతే పోయేవే ఉండాలంది. కొన్నేళ్లకి మళ్లీ నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. పిన్ని బిడ్డనెత్తుకుని అందరికంటే ముందు అటకెక్కి, కిందికి తొంగి చూసి, అత్తయ్యగారూ, మీ పట్టీకి ఇంకా బెత్తెడు తక్కువేనండి, ఈసారి మీ గోదారికి ఓపిక లేదు అని అరిచింది. అటక మీద అందరం పగలబడి నవ్వాం. నీళ్లలో కూర్చుని అంతలా నవ్విన ఇల్లు ఇంకోటి ఉంటుందనుకోను.

ఆ తర్వాత గోడల రంగులు చాలా మారాయి. నీలం వేశారు, లేత ఆకుపచ్చ వేశారు, డిస్టెంపరొచ్చాక గులాబీ కూడా వేశారు. పట్టీ మాత్రం ఏటా ఎరుపే. ముందు పట్టీ దిద్దాకే మిగతా గోడకి కుంచె తగలాలని మామ్మ లెక్క. మామ్మకి చేతులు వణికే రోజులొచ్చాక పిన్ని దిద్దింది. నేను ఎదుగుతూ దాని పక్కన నిలబడి చూసుకునేదాన్ని. మొదట తల దానికి ఆనింది, తర్వాత నుదురు, తర్వాత పెదవులు. పెళ్లయి వెళ్లేనాటికి నా గొంతు గుంట దగ్గరికి సరిగ్గా వచ్చేది.

తర్వాత నా మీదికీ నీళ్లొచ్చాయి, గోదావరివి కాదు. మా మనవరాలికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో నాకు రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషనయింది. జబ్బు పేరు బయటికి చెప్పకండి, పిల్ల పెళ్లికి అడ్డమొస్తుంది, కడుపునొప్పని చెప్పండి అని చుట్టాలొచ్చి చెవిలో గొణిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ క్యాలెండర్లు తగిలిస్తున్నారు! పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్లకి నేనే ఎదురెళ్లి కూర్చుని, ఏమైందో, ఏం కోశారో, మందులేం వాడుతున్నానో అంతా చెప్పాను. ఒక సంబంధం తప్పిపోయింది. పోతే పోయింది. తెలిసి చేసుకున్న ఇంట్లో నా మనవరాలు ఇప్పుడు తలెత్తుకుని తిరుగుతోంది.

ఆ లంక ఇల్లు ఇప్పుడు లేదు. గట్టు కోసుకుపోతూ పోతూ ఒక ఏడాది ఇంటినీ తీసుకుపోయింది. మామ్మ లేదు, బాబాయీ పిన్నీ లేరు. ఆ పట్టీ ఎంతెత్తున ఉండేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే డిజైనరమ్మాయి ఎన్ని బొమ్మలు చూపించినా నేను కదల్లేదు.

మొన్న రంగులు వేసే మేస్త్రి టేపు పట్టుకుని, ఎంతెత్తునండి అమ్మగారూ అని అడిగాడు. టేపు అవతల పెట్టు బాబూ అని, నేను వెళ్లి గోడకి వీపానించి నిలబడ్డాను. చెయ్యి గొంతు దాకా తీసుకెళ్లి ఆగాను. వయసు మీద పడి నేను కుంగిపోయాను కదా, పట్టీ ఎందుకు కుంగాలి? చెయ్యి పైకి జరిపి గడ్డం దగ్గర పెట్టి, ఇదిగో ఇక్కడికి, ఎర్రగా కొట్టు అన్నాను. ఆయ్ అని అతను సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు.

కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఈసారి నవ్వలేదు. "ఇంటికొచ్చినవాళ్లు ఇదేంటని అడిగితే ఏం చెప్పాలండీ?" అంది.

"గోదారి అక్కడిదాకా వచ్చిందని చెప్పమ్మా. చెప్పి, కాఫీ తాగుతారా, మజ్జిగ తాగుతారా అని అడుగు."