కరువుకు రెండు మాటలు

అప్పట్లో మా పల్లెలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిషన్ హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్నాను. అరవైల నడుమ సంగతి. నల్లమాడ చుట్టుపక్కల వరసగా రెండేళ్లు వాన లేదు. పొలమున్నవాళ్లకు పంట పోయింది. మాకు సెంటు భూమి లేదు కాబట్టి కూలి పోయింది. నాయన పొద్దున్నే పార భుజాన వేసుకుని పోయి, ఎండ ఎక్కకముందే తిరిగొచ్చేవాడు.

ఒకరోజు ఊరి మునసబు మా వాకిట్లోకి వచ్చాడు. అంతకుముందెప్పుడూ మా వీధి తొక్కిన మనిషి కాదు.

"పాపా, కరువని ఇంగ్లీషులో ఒక అర్జీ రాసియ్యి. తెలుగుదైతే యాడ పారేస్తారో. అడగందే అమ్మయినా పెట్టదు గదా," అన్నాడు.

నా కాళ్లు నేలమీద నిలవలేదు. తీరా కూర్చుంటే ఆ కరువనే మాట దగ్గరే కలం ఆగింది. ఇంగ్లీషులో దానికి నాకు రెండు మాటలు తెలుసు, స్కేర్సిటీ, ఫామిన్.

"రెండిటికీ తేడా ఏముండాది?" అన్నాడు నాయన.

"మొదటిది తిండి చాలకపోవడం. రెండోది జనం చచ్చేంత కరువు నాయనా."

"మనమింకా చావలేదు గదా. అబద్ధం రాయొద్దు."

నాకూ అదే న్యాయమనిపించింది. ఉన్నమాట చెప్పాలంటే న్యాయం ఒక్కటే కాదు. స్కేర్సిటీకి హాస్టల్లో ఎవరికీ స్పెల్లింగు వచ్చేది కాదు, నాకు వచ్చు. ఆ అర్జీలో ఆ మాట మూడుసార్లు రాశాను. నా చదువు తగలబడ!

నెలకు తాలూకా ఆఫీసునుంచి ఒక అధికారి వచ్చి మునసబు అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో నా అర్జీ ఉంది.

"స్కేర్సిటీ అని మీరే రాసుకున్నారు. మేమూ పైకి అట్లే రాసినాం. దానికి ఈ ఏడు శిస్తు ఆపుతాం. ఫామిన్ అని తేలితేనే రోడ్డు పని పెట్టేదీ, గంజి పోసేదీ," అన్నాడు.

శిస్తు కట్టేవాళ్ల మొహాలు వికసించాయి. కూలివాళ్లందరూ వెనక నిలబడి ఉన్నారు, నాయనతో సహా. సిగ్గు విడిచి ముందుకు పోయి, "సార్, మాట మార్చి రాసిస్తాను," అన్నాను. ఆయన నవ్వాడు. "మాట మారిస్తే కరువు మారుతుందా అమ్మా?"

ఆ వారమే నాయన కంకర కొట్టే పనికి గుత్తి దిక్కు బయలుదేరాడు. నేను ఏడ్చాను.

"నా వల్లనే పోతాండావు నాయనా."

"నీదేముండాది? చావలేదని చెప్పింది నేను గదా," అని దుప్పటి మడిచి చంకన పెట్టుకున్నాడు.

మూడు నెలలకు ఆ దుప్పటితోబాటు ఆస్పత్రి కాగితమొకటి వచ్చింది. తెచ్చిన మనిషి నాయనతో కంకర కొట్టినవాడే. ఒంటిపూట తిని గడిపేవాడనీ, ఒకరోజు సుత్తి ఎత్తలేక కూలబడ్డాడనీ, ఆస్పత్రికి మోసుకుపోయినా బతకలేదనీ చెప్పాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. అమ్మకు చదివి చెప్పాల్సింది నేనే.

"ఏమని రాసినారు?" అంది అమ్మ.

"జ్వరమట."

"ఆకలని రాయలేదా?"

"లేదమ్మా."

"సరిగా చూడు. నువ్వు చదివినదానివి గదా."

మళ్లీ చూశాను. అమ్మ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ కాగితంలో ఉన్నది ఒక్క మాటే, ఫీవర్.