తలకింత

మా అన్నయ్యను పాత ఇనుము యార్డులో అందరూ సమ్మెట అనేవారు. పాడైన ఇంజన్లను పగలగొట్టడం అతని పని. ఆ చేతుల్లోనే పిల్లల్ని ఆడించేవాడు కూడా.

ఆరోగ్య బీమా వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. ప్రీమియం తలకింత అన్నారు. యార్డు ఓనరుకూ అంతే, ఇనుము మోసే నా భర్తకూ అంతే. ఓనరు ఒంటరివాడు, ఒక్క తలకు కట్టేసి కారెక్కేవాడు. అన్నయ్య ఇంట్లో ఆరు తలలు. జీతంలో సగం అక్కడే ఆవిరి. ఒక్క నెల కట్టకపోతే కార్డు చెల్లదు. సమానత్వమట, గాడిదగుడ్డు!

దానికి యార్డు కూలీలు కనిపెట్టిన దిక్కుమాలిన ఉపాయం వినండి. జీతాల రోజు గేటు దగ్గర చీటీలు తీసి ఇద్దరిద్దరు కలబడాలి. ఓడినవాడు గెలిచినవాడి ఇంట్లో ఒక తలకు ప్రీమియం కట్టాలి. అన్నయ్య ఎప్పుడూ ఓడలేదు. ఒకడి దవడ విరిచాడు, ఇంకొకడి చెవి చీల్చాడు. ఇంటికొచ్చి నెత్తుటి చేతులు కడుక్కుంటూ, "పిల్లల కార్డులు బతికాయే చెల్లీ," అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, నా మొహం మండ.

ఒక నెల అతనికి జోడీగా నా భర్త చీటీ వచ్చింది.

"బావా, కింద పడిపో, చాలు. గట్టిగా కొట్టను," అన్నాడట అన్నయ్య.

నా భర్తకు రోషమెక్కువ. పడలేదు సరికదా, అన్నయ్య పెదవి పగలగొట్టాడు. అంతే, సమ్మెటకు ఒళ్లు తెలియలేదు. పక్కటెముకల్లో గుద్దాడు, పడ్డాక కూడా తన్నాడు.

నా భర్త మాట తప్పలేదు. అన్నయ్య ఇంటి తలకు కట్టాడు, నాకూ మా బాబుకూ కట్టాడు. తనకు మిగల్లేదు. వారం తిరక్కుండానే నెత్తురు కక్కుకున్నాడు.

అన్నయ్యే భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. కౌంటరులో అమ్మాయి కార్డు చూసింది.

"ఇది చెల్లదండీ. ఈ నెల కట్టలేదు."

"నాది చెల్లుతుంది కదమ్మా! నా దాని మీద రాసుకో!"

"ఎవరి కార్డు వాళ్లదేనండీ."

అన్నయ్య కౌంటరు అద్దాన్ని నుదుటితో బద్దలు కొట్టాడు. అతనికి మాత్రం వెంటనే కుట్లు వేశారు, కార్డు ఉందిగా. ఆ కుట్లు పూర్తయ్యేలోపు నా భర్త బయట బల్ల మీదే పోయాడు.

తర్వాతి జీతాల రోజు నేనే గేటు దగ్గరికి వెళ్లాను. చీటీలు తీయనివ్వలేదు.

"రారా, నాతో కలబడు!" అన్నాను.

అన్నయ్య చేతులు వెనక్కి పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొట్టాను. కుట్లు ఊడి నెత్తురు కళ్లలోకి కారేదాకా కొట్టాను. ఒక్కరూ అడ్డు రాలేదు. చివరికి నేల మీద వాలిపోయి, "ఓడిపోయానే చెల్లీ," అన్నాడు.

ఇప్పుడు ప్రతి నెలా వెళ్లి కొడుతున్నాను. బాబు కార్డు బతికే ఉంది.