ఎర్రకాళ్ళ కొంగ కాలికి దారం

మా పక్కింటి బాటనీ మేడం పోయారన్న సంగతి ఫోన్‌లో వచ్చిన ఒక బొమ్మ వల్ల తెలిసింది. వైద్యం కోసం ఆమె నెల్లూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఆ బొమ్మలో ఉన్నది ఎవరో నేను మొదట పోల్చుకోలేకపోయాను. ముఖం పిండి రాసినట్టు తెల్లగా ఉంది. చెంప మీది మచ్చ లేదు, నుదుటి ముడతలు లేవు. వెనకాల ఆమె ఏనాడూ చూడని మంచు కొండ, ఆ కొండ మీద మన పులికాట్ రాజహంసలు. కింద కన్నీటి నివాళి అని రాసి, ఆమె ముఖం కంటే పెద్దదిగా ఫొటోగ్రఫీ క్లబ్బు అధ్యక్షుడి ముఖం వేశారు. చనిపోయిన మనిషికి కూడా మెరుగులు దిద్దకుండా ఉండలేని వాళ్ళు వీళ్ళు.

ఆమె కాలేజీలో మొక్కల పాఠం చెప్పి రిటైరయ్యాక, వాకాడు వైపు సముద్రం పక్కనున్న మా ఊరికి వచ్చి ఇల్లు తీసుకున్నారు. ఇసుక దిబ్బల మీద పెరిగే మొక్కలను ఎవరూ మొక్కలుగా లెక్కపెట్టడం లేదని ఆమె బాధ. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, పాత కెమెరా పట్టుకుని, బోర్లా పడుకుని ఫొటోలు తీసేవారు. నేను ఐసు ఫ్యాక్టరీలో రోజువారీ లెక్కలు రాస్తాను. అక్కడి కంప్యూటర్ మీద ఎవరూ నేర్పకుండానే కొంత నేర్చుకున్నాను. సాయంత్రాలు ఆమె ఫొటోలను డిస్కులోకి ఎక్కించి, వెలుతురు సరిచేసి, అంచులు కత్తిరించి ఇచ్చేవాణ్ణి. "నువ్వు మాట్లాడవు కాబట్టి నీతో పని జరగతాది అబ్బయా" అనేవారు.

మొదటి వారంలోనే తప్పు చేశాను. లెన్సు మీది దుమ్ము చుక్కలు ఫొటోల్లో పడుతున్నాయి, తుడిచెయ్యమన్నారు. ఒక దిబ్బ తీగ ఆకు అడుగున చిన్న చిన్న తెల్లటి చుక్కలు కనిపిస్తే వాటిని కూడా శుభ్రంగా తుడిచేశాను. మేడం ఆ ఫొటో తెరిచి చూశారు.

"ఏందబ్బయా, ఆకు మీద చుక్కలుండాల, ఏవీ?"

"దుమ్మనుకున్నా మేడం."

"అవి సీతాకోకచిలక గుడ్లు. వాటి కోసం మూడు గంటలు ఇసుకలో పొర్లినాను. నువ్వు ఒక పురుగు సంసారాన్ని మూడు నొక్కుళ్ళలో తుడిచేసినావు."

అసలు ఫొటో భద్రంగానే ఉంది కాబట్టి నవ్వారు. కానీ ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఫొటోకూ పక్కన ఏం మార్చానో రాయాలి. వెలుతురు పెంచితే వెలుతురు పెంచాను అని, అంచు కోస్తే కోశాను అని. "రాయడానికి నీకు సిగ్గేసే మార్పు చెయ్యబాక" అనేవారు. నాకు ఫొటోల గురించి దొరికిన చదువంతా ఆ ఒక్క మాట.

ఆదివారాల్లో క్లబ్బు వాళ్ళు కార్లలో దిగేవారు. ఆకుల రంగు చొక్కాలు, ఆకుల రంగు గుడ్డ చుట్టిన లెన్సులు. మేస్తున్న పక్షులు ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవారు, కొందరు రాళ్ళు విసిరేవారు. ఇంటికెళ్ళి ఫొటోల్లోని తెల్లటి రాజహంసలకు ముక్కు నుంచి తోక దాకా గులాబీ రంగు పులిమేవారు. పక్షి రెక్క మీద తమ పేరు అచ్చేసుకునేవారు.

ఒకసారి అధ్యక్షుడు తన ఫొటో చూపించడానికి మేడం ఇంటికి వచ్చాడు. పెద్ద చంద్రుడి కింద హంసల వరస. మేడం కళ్ళజోడు తుడుచుకుని చూశారు.

"చంద్రుడు ఎడమ పక్కన ఉండాడు. హంసల నీడలు గూడా ఎడమకే పడినాయి. మీ ఇంట్లో దీపం ఇట్టనే వెలగతాదా సార్?"

"కొంచెం ఎడిట్ చేసినా మేడం. అందరూ చేసేదే గదా."

"చేసినట్టు కింద రాసినారా?"

అతను నవ్వేసి, ఆమెతో ఒక సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయాడు.

కిందటి చలికాలంలో ఆమె పులికాట్ సరస్సు అంచున ఒక ఎర్రకాళ్ళ కొంగను చూశారు. దాని కాలికి తెగిన వల తాలూకు నైలాన్ దారం చుట్టుకుని, చర్మంలోకి దిగిపోయి, పాదం ఉబ్బి ఉంది. విప్పుదామని పడవ నడిపే ఒకతన్ని తోడు తీసుకుని మోకాలి లోతు బురదలో దిగారు. అందకుండా ఎగిరిపోయింది. అంతకుముందు తీసిన ఒక్క ఫొటో మిగిలింది. నాకిచ్చి, "దీన్ని ముట్టుకోబాక, అంచు గూడా కోయబాక" అన్నారు. దాని పక్కన నేను 'ఏమీ మార్చలేదు' అని రాశాను.

ఆమె పోయిన నాలుగో రోజు అధ్యక్షుడు నా దగ్గరే ఉండిపోయిన డిస్కు కోసం మా ఇంటికి వచ్చాడు. ఆమె పేరున టౌనులో ప్రదర్శన పెడతాడట. డిస్కు ఇవ్వడం, ఇవ్వకపోవడం నా ఇష్టానికే వదిలేసినట్టు మేడం చెల్లెలు అతనికి చెప్పిందట. ఫొటోలన్నీ తిరగేసి కొంగ దగ్గర ఆగాడు.

"ఇది ముందు పెడదాం అన్నా. ఆ దారం తీసేసి, ఆకాశం కాస్త ఎర్రగా చేస్తే అదిరిపోతాది."

"దారంతోనే పెట్టండి."

"జనం ముఖం తిప్పుకుంటారన్నా."

"తిప్పుకోనీయండి."

"ఐసు లెక్కలు రాసుకునే నీకు ఫొటోగ్రఫీ ఏం తెలుసు?"

"దారం తీసేస్తే, తీసేసినట్టు కింద రాస్తారా?"

అతను డిస్కు కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. నా జీవితంలో ఒక మనిషికి ఎదురుగా నిలబడి కాదని చెప్పింది బహుశా అదే మొదటిసారి. ప్రదర్శన జరిగింది. గోడల నిండా అతని ఫొటోలు, వాకిట్లో ఆమె పేరు. నేను వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు బిస్కెట్లు బాగున్నాయన్నారు.

నేను గూడూరు వెళ్ళి కొంగ ఫొటో పెద్దదిగా వేయించి, ఐసు ఫ్యాక్టరీలో మత్స్యకారులు ఐసు కోసం నిలబడే గోడకు అంటించాను. దండ వేయలేదు, పేరు రాయలేదు. రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఇది మా వల దారమే సామీ. తెగిన ముక్క. మేమే పారేసుంటాం." కొంచెం ఆగి అడిగాడు. "బతికిందా?"

"తెలీదన్నా."

ఐసు బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఫొటో చూసి మనిషి మారిపోయాడని రాయడానికి నేను క్లబ్బు సభ్యుణ్ణి కాను. మర్నాడు పొద్దున నేను పనికి వస్తుంటే, అతను పడవల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇసుకలో కూరుకుపోయిన దారాన్ని లాగుతూ వేళ్ళకు చుట్టుకుంటున్నాడు. వేళ్ళు పాలిపోయాయి. దారం ఇంకా వస్తూనే ఉంది.