కాంక్రీటు స్తంభానికి ఎడంచుట్టు

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు మా అమ్మ గుర్తొస్తుంది. లోకంలో మర్యాదస్తులందరికీ తల్లి తలపుకి రావాలంటే మల్లెపూలో, అప్పుడే కాచిన నెయ్యో కావాలి. నాకు మాత్రం సిమెంటు. బహ్రెయిన్‌లో ఇప్పుడు నేనుండే గలాలీలో మా వీధి చివర ఎవరో కొత్త ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే పనివాళ్ళు గోడలు తడుపుతుంటే ఆ వాసన సముద్రపు గాలి భుజమెక్కి, మా వంటింటి కిటికీలోంచి దూరి, నా టీ గ్లాసులో ఒక మునక వేసి, నన్ను రెక్క పుచ్చుకుని తీసుకెళ్ళి హూరాలో మా పాత బిల్డింగు వెనక పారేసి వస్తుంది. ఇలాంటి వాక్యం రాశానంటే మీకో సంగతి ముందే విన్నవించుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు పుట్టుకతోనే చేతకాదు. నా కథలో దోమ ఈగంత ఉంటుంది, ఈగ పిచ్చుకంత ఉంటుంది, పిచ్చుక జోలికి మనం వెళ్ళకపోవడమే మంచిది. మా ఆవిడ నా మాటలన్నీ జల్లెడ పట్టుకుని వింటుంది. మీరూ ఒకటి తెచ్చుకుని కూర్చోండి.

మా అమ్మానాన్నలది కోనసీమ. నాన్న వీర్రాజు ఎత్తయిన బిల్డింగులకి ఇనప గొట్టాలతో పరంజాలు కట్టేవాడు. అమ్మ మంగ ఒక అరబ్బుల ఇంట్లో వంటా, ఇంటిపనీ చేసేది. కూలిపనికి వచ్చినవాళ్ళు పిల్లాణ్ణి కూడా తెచ్చుకుని బడికి పంపడం ఆ రోజుల్లో వింతే. అమ్మ కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆసామి, చల్లని మనిషి అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోండి, ఆ పురాణం విప్పితే అసలు కథ మిగలదు. హూరాలో మేమున్న బిల్డింగుకి లిఫ్టు లేదు, నీళ్ళు ఉంటే ఉండేవి. కింద మలయాళీ టీకొట్టు, పక్కన ఇరానీ రొట్టెల పొయ్యి, వెనకవైపు అన్ని దేశాల లుంగీలూ ఒకే తాడు మీద తగువు లేకుండా ఆరేవి. ఎండాకాలం వచ్చిందంటే నీడలు కూడా గొడుగు పట్టుకుని నడిచేవి. గాలిలో ఆ తేమ ఎంతుండేదంటే, పొడిబట్ట ఆరేస్తే తడిసి వచ్చేది. దుమ్ముగాలి లేచిన రోజున మేం తిన్న అన్నంలో సగం ఎడారే. చలికాలం మాత్రం, ఇలా వచ్చి అలా వెళ్ళే అల్లుడిలా, నాలుగు రోజులు మర్యాద చేయించుకుని పోయేది.

ఆ బిల్డింగు వెనక ఒక ఖాళీ జాగా. ఎవరో ఏదో కట్టబోయి, మధ్యలో బుద్ధి మారి, నెత్తిన ఇనప చువ్వలతో ఒకే ఒక్క కాంక్రీటు స్తంభాన్ని నిలబెట్టి వదిలేశారు. ఈసా టౌన్ నుంచి మా బడి బస్సు వచ్చి వదలగానే పుస్తకాల సంచీ దానికి ఆనించి ఆటలు మొదలెట్టేవాళ్ళం. అదే మాకు క్రికెట్టు వికెట్టు, దాగుడుమూతల్లో దొంగ కళ్ళు మూసుకునే చోటు, తెగిన గాలిపటాలన్నిటికీ ఆఖరి మజిలీ.

సాయంత్రం నమాజు పిలుపు వినబడ్డాక ఆ జాగా మాది కాదు. వీధి మలుపులో చిన్న భోజన హోటలు నడిపే చైనా ఆవిడ వచ్చేది. ఆవిడ పేరు పలకబోయి నాన్న నాలిక మడతపడితే, అమ్మ "చైనా మామ్మగారు" అని ఖాయం చేసేసింది. ఆవిడ వచ్చి ఆ స్తంభం చుట్టూ నడిచేది. అంతే, నడిచేది. కానీ ఆ నడక చూడాలి! మోకాళ్ళు కాస్త వంచి, నడుముని స్తంభం వైపు తిప్పి, రెండు అరచేతులూ దాన్ని "అక్కడే ఉండు" అన్నట్టు చాచి, చూపుని చూపుడువేలి మీదుగా స్తంభానికి కట్టేసి, పాదం ఎత్తీ ఎత్తకుండా, అరికాలంతా ఒకేసారి నేలకి ఆనేలా జారుస్తూ గుండ్రంగా తిరిగేది. తల మీద నిండు గ్లాసు పెడితే చుక్క తొణికేది కాదు. గ్లాసేమిటి, మా బిల్డింగు నీళ్ళ ట్యాంకు పెట్టినా తొణికేది కాదు. ఇసకలో ఆవిడ పాదాలు గీసిన వలయం చూసి పున్నమి చంద్రుడు సిగ్గుపడి మర్నాటి నుంచి తరగడం మొదలెట్టేవాడు. పిల్లులు నడక నేర్చుకోవడానికి వచ్చి గోడమీద వరసగా కూర్చునేవి. ఒకసారి గ్యాసు బండల కుర్రాడి తోపుడు బండి వాలులో చెయ్యి జారి తిన్నగా ఆవిడ మీదికే దూసుకొచ్చింది. మేం కేక వేసేలోపు ఆవిడ నడుము ఇంత తిప్పింది, బండి ఆవిడ ఉండాల్సిన చోటులోంచి వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆవిడ అడుగు మాత్రం తప్పలేదు. ఇది చైనావాళ్ళ పోరాట విద్యల్లో ఒకటని, గుద్దులూ తన్నులూ తర్వాత సంగతి, ముందు ఏళ్ళ తరబడి ఇలా వలయం నడవడమే సాధన అని నాకు పెద్దయ్యాక తెలిసింది.

అమ్మకి ఇవేమీ తెలియవు. ఆవిడకి కనబడిందల్లా ఒక్కటే: ఒక పెద్దావిడ, మాటా పలుకూ లేకుండా, రోజూ ఒకే వేళకి వచ్చి, స్తంభాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టూ తిరుగుతోంది. దాన్ని ప్రదక్షిణ అనక ఇంకేమంటారు? మర్నాడే స్తంభాన్ని నీళ్ళతో కడిగి, తడి సిమెంటు వాసన లేస్తుండగానే పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టేసింది. చైనా మామ్మగారు వచ్చి, ఆ బొట్టుని కాసేపు చూసి, తల వంచి ఒక నమస్కారం లాంటిది పెట్టి, తన నడక తను మొదలెట్టింది. దాంతో అమ్మకి అనుమానం తీరిపోయింది. అట్లతద్దికి అట్లు పోసి స్తంభం ముందు పెట్టి ఆవిడకో పళ్ళెం పంపింది. ఆ పళ్ళెం మళ్ళీ ఆవిరి మీద ఉడికిన మెత్తటి బూరెల్లాంటివాటితో తిరిగొచ్చింది. నెల తిరక్కుండా బిల్డింగులో తెలుగువాళ్ళంతా శుక్రవారం శుక్రవారం ఆ స్తంభం చుట్టూ తిరిగేవాళ్ళు.

నాన్నతో కలిసి పనిచేసే గంగారాం బాబాయిది జగిత్యాల వైపు. శుక్రవారం క్యాంపు నుంచి మా ఇంటికి అన్నానికి వచ్చేవాడు. ఆయనకి గల్ఫంతా దుబాయే.

"ఏందక్కా గిది! దుబాయికచ్చి సిమెంటు కంబానికి మొక్కవడ్తిరి? మా సైటుల గిసొంటియి మస్తున్నయి, అన్నిటికి టెంకాయ కొడ్తవా?"

"నోర్ముయ్యి గంగారాం. ఒట్టి రాయిలోనే దేవుడున్నాడంటే, రాయీ సిమెంటూ ఇనుమూ కలిసినదాంట్లో ఇంకాస్త గట్టిగా ఉంటాడు."

అయితే చైనా మామ్మగారితో అమ్మకి ఒకటే పేచీ. సగం నడక అయ్యాక ఆవిడ పాదం లోపలికి మడిచి, ఒళ్ళు తాడులా మెలితిప్పి, ఉన్నట్టుండి ఎదురు దిక్కుకి తిరిగేది. స్తంభం ఎడంచేతి వైపుకి వచ్చేసేది. "అయ్యయ్యో, అపచారం!" అని అమ్మ కొంగు తీసి నా మొహం మీద కప్పేసేది. మావైపు ఎడంచుట్టు తిరిగేది ఒక్క చోటే, కాటి దగ్గర. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్న చితి చుట్టూ కుండ మోసుకుంటూ మావయ్య అలా తిరగడం కాలవ గట్టు మీద నుంచి చూసిందట. అప్పట్నుంచీ ఎడంచుట్టు అంటే ఆవిడకి పొగ వాసన వచ్చేది.

ఆ ఏడే నాన్నకి చెవిలో చీము పట్టి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఆయన తల తిరగేసి పోయింది. నిలబడితే గది తిరిగేది, కూర్చుంటే కుర్చీ తిరిగేది. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే తిరుగుడు ఆగి నిద్ర వచ్చేది. నిద్రమత్తులో పరంజా ఎక్కితే ఆ నిద్ర ఎంత పెద్దదవుతుందో మీకు చెప్పక్కర్లేదు. హూరాలో అప్పుడు వాళ్ళు కడుతున్న హోటలు ఇంకా కింది అంతస్తుల్లోనే ఉంది. నాన్న కింద నిలబడి గొట్టాలు అందిస్తుంటే గంగారాం బాబాయి ఇద్దరి పనీ పైన ఒక్కడే లాగేవాడు. ఈద్ సెలవులు అవగానే పై అంతస్తులు మొదలవుతాయి, అందరూ ఎక్కాల్సిందే. ఫోర్‌మన్‌కి సంగతి తెలిసిందా, ఖలాస్, నాన్నని ఇంటికి పంపేస్తారు. ఆయన ఒక్కడూ వెళ్ళి మేముండిపోయే మాట లేదు. అమ్మ పని, నా బడి, హూరా అంతా ఒక్క తల మీద తిరుగుతున్నాయి.

అమ్మ నాన్నని చైనా మామ్మగారి దగ్గరికి లాక్కెళ్ళింది. తల తిరిగేవాడికి గుండ్రంగా తిరగమని వైద్యం! గంగారాం బాబాయి ఇసకలో కూలబడి నవ్వాడు. "అన్నా, గిట్లయితె ఆకలైతే పస్తుండుడే మందు!" కానీ ఆవిడ నవ్వలేదు. నాన్న వెనకే నడుస్తూ, బజారు హిందీలో "నీచే నై, భాయ్" అని గడ్డం పైకెత్తేది, తొందరపడితే "శ్వయ్యా, శ్వయ్యా" అని అరబ్బీలో మెల్లగా ఆపేది. నాన్న అడుగు ఎంతకీ కుదరలేదు. కాలు ఎత్తి దబ్బున వేసేవాడు. గట్టున కూర్చున్న అమ్మకి ఓపిక నశించింది.

"ఊడుపు నడక అండీ అది! నాటిన చేలో కాలు పీకి వేస్తే నారు లేచిపోదూ? బురదలో జార్చినట్టు జార్చండి," అంటూ కుచ్చిళ్ళు ఎగదోపి ఇసకలో నడిచి చూపించింది. చైనా మామ్మగారు చప్పట్లు కొట్టి, అమ్మని వాటేసుకున్నంత పని చేసింది. వాళ్ళ దేశంలోనూ ఆ అడుగుని బురదలో నడక అనే అంటారట. కోనసీమ బురదా చైనా బురదా ఆ సాయంత్రం బహ్రెయిన్ ఇసకలో వియ్యమందాయి.

అంతా బాగానే ఉంది గానీ అమ్మ షరతు ఒకటుంది: కుడిచుట్టే. మామ్మగారు దిక్కు మార్చగానే అమ్మ నాన్న చెయ్యి పట్టి పక్కకి లాగేసేది. తాడుని ఒకే వైపు మెలిపెట్టుకుంటూ పోతే ఏమవుతుందో నాన్న తలకి అదే అయ్యింది. ఇంట్లో బీరువా ఎదురు నడిచొస్తోందనుకుని దానికి దారిచ్చి పక్కకి తప్పుకునేవాడు. ఈద్ ముందు శుక్రవారం అలాగే తిరిగి తిరిగి ఆగాడు. ఆయన ఆగాడు గానీ లోకం ఆగలేదు. పట్టుకోవడానికి బట్టల తాడు దొరికింది, తాడుతో సహా బిల్డింగు బట్టలన్నీ ఆయన మీద పడ్డాయి. ఎవరిదో పఠాన్ సల్వారు తలపాగాలా చుట్టుకుని నాన్న ఇసకలో పడుంటే మేమంతా ఘొల్లున నవ్వాం. ఆయన మాత్రం కళ్ళు తెరవలేదు.

"మంగా, ఎక్కితే పడిపోతానే," అన్నాడు మెల్లగా.

నవ్వులు ఆగిపోయాయి. చైనా మామ్మగారు వచ్చి అమ్మ పైటకొంగు అందుకుంది. దాన్ని ఒకవైపే మెలితిప్పింది, ముడిపడేదాకా. ఆ ముడిని అమ్మ కళ్ళముందు పెట్టి, తర్వాత రెండోవైపుకి తిప్పింది. ముడి విడిపోయి కొంగు చేతిలో జారింది.

నాన్న లేచి కూర్చుని, "నేను తిరుగుతానే. నువ్వు అటు చూడకు," అన్నాడు.

"మీరాగండి," అంది అమ్మ. "ముందు నేను తిరుగుతాను. తగిలేదేదో నాకే తగలనీ."

ఇలాంటి చోట నేను ఏదో ఒకటి కలుపుతాను. ఇక్కడ కలపడానికేమీ లేదు. అమ్మ మంగళసూత్రాలు గుప్పిట్లో బిగించి, స్తంభాన్ని ఎడంచేతి వైపు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఊడుపు నడక నడిచింది. ఒక చుట్టు పూర్తయ్యాక నా దగ్గరికొచ్చి, "ఏరా, బానే ఉన్నానా?" అని అడిగింది. బానే ఉన్నావన్నాను. అప్పుడు నాన్నతో, "ఇక రండి" అంది.

ఆ సెలవులన్నీ రెండు వైపులా తిరిగారు. సెలవులయిన మర్నాడు నాన్న పరంజా ఎక్కాడు. ఎక్కడమంటే ఎక్కడమా! గొట్టం గొట్టం పట్టుకుని ఉడతలా పైకి పోయి, కొసన ఒంటి గొట్టం మీద నిలబడి, చేతులు వదిలేసి, అరచేతులు చాచి, అక్కడే ఒక చుట్టు కుడికీ ఒక చుట్టు ఎడమకీ నడిచాడు. కింద ఫోర్‌మన్ చేతిలో టీ ఒలికిపోయింది. ముహర్రక్ వైపు పడవల్లో చేపలు పట్టేవాళ్ళు వలలు వదిలేసి చూశారు.

ఇప్పుడా జాగాలో అద్దాల హోటలు ఉంది. స్తంభాన్ని పసుపూ కుంకుమలతో సహా ఒక్క పూటలో పడగొట్టి లారీకెత్తారు. మామ్మగారి హోటలు ముందు జ్యూసు కొట్టయింది, తర్వాత ఫోన్ల కొట్టయింది. ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో, చైనాలో ఏ ఊరో మేం అడిగి కూడా పెట్టుకోలేదు. గంగారాం బాబాయి జగిత్యాల చేరాడు. నాన్నా, ఆ తర్వాత అమ్మా వెళ్ళిపోయారు. హూరాలో ఇప్పుడు ఎవరూ గుండ్రంగా నడవరు, అందరికీ ఎక్కడికో తిన్నగా వెళ్ళాల్సిన పని ఉంటుంది.

పెంచి చెప్పినవి మీకు తెలిసే ఉంటాయి. పూర్తిగా అల్లింది మాత్రం ఒక్కటే. నాన్న పరంజా ఎక్కలేదు. తల తిరుగుడు చాలావరకు తగ్గింది, గోడ పట్టుకోకుండా డ్యూటీకి నడిచి వెళ్ళాడు, మొదటి గొట్టం మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. తనే వెళ్ళి ఫోర్‌మన్‌కి ఉన్నమాట చెప్పేశాడు. ఆయన కాసేపు అరిచి, కింద యార్డులో సామాన్ అందించే పనిలో వేశాడు. జీతం తగ్గింది, హూరా మిగిలింది. ఆ సాయంత్రం నాన్న తల దించుకుని సంగతి చెబితే అమ్మ అన్నం వడ్డిస్తూ, "కిందే ఉండండి. నాకు కిందున్న మొగుడే కావాలి," అంది.

తర్వాత కూడా చాలా ఏళ్ళు ఇద్దరూ రోజూ నడిచారు. నాన్న కుడిచుట్టు, అమ్మ ఎడంచుట్టు. అందుకని ప్రతి చుట్టులోనూ ఎదురుపడేవాళ్ళు.

"మళ్ళీ నువ్వేనా!" అనేవాడు నాన్న.

"ఇంకెవరొస్తారు మీకు ఎదురు?" అనేది అమ్మ, ఆగకుండా.