స్తెఫను అని పిలిచిన రోజు

చెన్నూరు దాటి గోదావరి వైపు పోయే దారిలో పత్తిచేల మధ్య ఒక చిన్న చర్చి ఉంది. కరీంనగర్ నుంచి పత్రిక పని మీద తిరిగే రోజుల్లో, వార్త ఉన్నా లేకపోయినా ఆ ఊళ్లో ఒక ఇంటి ముందు నా బండి ఆగేది. ఆ ఇంటి రైతు నా మిత్రుడు. తాతల కాలంలో మిషన్ వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. అతని పేరు స్తెఫను.

ఆ చర్చికి వచ్చేవాళ్లలో అప్పట్లో ఆ పేరు దండిగా ఉండేది. బావికాడి స్తెఫను, మేకల స్తెఫను, పొడుగు స్తెఫను అని ఆనవాలు పెట్టుకుని పిలుచుకునేవాళ్లు. చేనుకు కూడా రేడియో మోసుకుపోతాడని మావాణ్ని రేడియో స్తెఫను అనేవాళ్లు. ఇప్పుడు పుట్టే పిల్లలకు ఆ పేరు పెట్టడం దాదాపు ఆగిపోయింది.

"అన్నా, పేపరోనివి గదా, నా పేరుకు మతలబ్ ఏందో జర అర్సుకొని చెప్పరాదు?" అన్నాడు ఒకరోజు.

ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేసి, తర్వాత వెళ్లినప్పుడు చెప్పాను. అది గ్రీకు మాట. కిరీటం అని అర్థం. మొదట అది బంగారు కిరీటం కూడా కాదు, పందెంలో గెలిచినవాడి తలకు చుట్టే ఆకుల దండ. క్రీస్తును నమ్మినందుకు రాళ్ల దెబ్బలు తిని అందరికన్నా ముందు ప్రాణం విడిచిన మనిషికి ఆ పేరుండడంతో అది దేశాలు తిరిగింది. రాజులు పెట్టుకున్నారు. ఒకచోట స్టీఫెన్, ఒకచోట ఎస్తెబాన్, ఒకచోట ఇస్త్వాన్. ఎవరి నోట్లో పడితే వాళ్ల యాసలో నాని, చివరికి ఇక్కడి నల్లరేగడిలోకి వచ్చి దిగింది.

"ఆకులదా? ఏమాకు, మోదుగాకా, టేకాకా?" అన్నాడు. "నేను ఏ పందెం గెలిచిన్నని నాకు దండ?"

"నన్ను చేసుకున్నవ్ గదా, సాలదా?" లోపలి నుంచి వదినె గొంతు.

ఆ దీపావళికి జైనూర్ వైపు వెళ్లాను. పొద్దు వాలే వేళ, పెద్ద పెద్ద నెమలీకల టోపీలు పెట్టుకున్నవాళ్లు దుమ్ములో పండుగ ఆట ఆడుతున్నారు. చూస్తూ చూస్తూ ఉంటే ఈకలు ఆకుల్లా కనిపించాయి. ఆ ఆకుల కింద మావాడి మొహం కనిపించింది. ఇన్నేళ్లయినా ఆ పేరు చెవిన పడితే నాకు మంచు పట్టిన పత్తిచేను, గట్టు మీద నడిచిపోతున్న ఒక మనిషి, అతని తల మీద తడి ఆకులు కనిపిస్తాయి. అది చూసిందో, కలగన్నదో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

వదినె మాత్రం ఆ పేరు ఎన్నడూ పలకలేదు. మొగుడి పేరు, మామ పేరు ఆడవాళ్లు నోట పలకొద్దన్న పట్టింపు మతం మారినా ఆ ఇళ్లలో మారలేదు. బ్యాంకులో అడిగితే పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచి చెప్పించేది. చర్చిలో అందరూ కలిసి బైబిలు చదివేటప్పుడు ఆ పేరు రాగానే పెదవులు మూసుకునేది. తర్వాతి మాట దగ్గర మళ్లీ కలిసేది.

పోయిన వానకాలంలో మావాడు చనిపోయాడు. చలికాలం రాకముందే మనవడు పుట్టాడు. బాబు తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. తాత పేరే పెట్టాలని వదినె పట్టు. కోడలు ఫోన్లో వెతికి పలకడానికి సులువైన రెండక్షరాల పేరు ఎంచుకుంది. చూసిపోదామని నేను వెళ్లినరోజే ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"గా పేరు పెడితే ఇంట్ల ఎవరు పిలుస్తరు అత్తమ్మా? నువ్వు పలుకవు. మామ పేరాయె, నేను పలుకొద్దు. పిలగాన్ని ఓయ్ అని పిలుసుడేనా?"

"తాతా అని పిలుస్త."

"మల్ల గా పేరెందుకు? సరే, చర్చిల పిలగాన్ని ఎత్తుకున్నోళ్లే పేరు చెప్పాలె గదా. నువ్వే ఎత్తుకో. నోటితోని చెప్తే గదే పేరు. చెప్పకపోతే నా పేరు. అంతా అయినంక నన్ననొద్దు."

"మరిదీ, చూస్తున్నవా దీని హుషారు?" అని నా వైపు తిరిగింది వదినె. కానీ కాదనలేదు.

బాప్తిస్మం ఆదివారం నేను మగవాళ్ల వైపు ముందు బల్ల మీద కూర్చున్నాను. ఎవరో పట్టుకున్న ఫోన్లో మస్కట్ నుంచి కొడుకు చూస్తున్నాడు. వదినె మనవణ్ని ఎత్తుకుని నిలబడింది.

"ఈ బిడ్డకు ఏం పేరు పెడుతున్నారు?" అని అడిగాడు పాస్టరయ్య.

వదినె పెదవులు కదిలాయి. ఏమీ వినపడలేదు.

"జర గట్టిగ చెప్పవ్వా."

కోడలి వైపు చూశాను. తను ఎంచుకున్న ఆ రెండక్షరాలు అనేస్తే అయిపోయేది. ఆమె అనలేదు. తల వంచుకుని అత్త చీర కొంగు సర్దింది. పాస్టరయ్య ఇక కోడలి వైపు తిరగబోతుండగా, వదినె తల ఎత్తి తెరిచి ఉన్న తలుపు బయటికి, పత్తిచేల వైపు చూసింది. పేరు చెప్పినట్టుగా కాదు, దూరపు గట్టు మీదున్న మనిషిని అన్నానికి రమ్మని కేకేసినట్టు అంది.

"స్తెఫనూ!"

"ఆఁ, ఏందవ్వా?" అన్నాడు వెనక బల్ల మీద సగం నిద్రలో ఉన్న ముసలాయన. ఆయన పేరూ అదే. చర్చంతా నవ్వింది. పాస్టరయ్య నవ్వుతూనే నీళ్లలో చెయ్యి ముంచాడు.

భోజనాలయ్యాక అందరూ టెంటు నీడన ముచ్చట్లలో పడ్డారు. వదినె ఒక మూలకు కుర్చీ జరుపుకుని, ఒళ్లో నిద్రపోతున్న బాబు మీదికి వంగి ఆ పేరు అంటోంది. ఒకసారి మెల్లగా, ఒకసారి సాగదీసి, ఒకసారి కసురుకున్నట్టు. నడుమ తనలో తానే నవ్వుకుంటోంది. బహుశా పెళ్లయిన నాటి నుంచి ఎక్కడెక్కడ పిలవాల్సి వచ్చిందో అక్కడక్కడల్లా పిలుస్తోంది.

కోడలు దగ్గరికి వచ్చింది.

"ఇగ సాలు అత్తమ్మా. పిలగాడు లేస్తడు."

"లేవనియ్యి," అంది వదినె. మళ్లీ పిలిచింది.