వెండి కాగితం అంటించిన గది

ఎల్లారెడ్డిలో మా వెనకింటి మిద్దె మీద సెల్ టవర్ లేచిన ఏడాదే నాకు మూడోసారి నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. కామారెడ్డి డాక్టరమ్మ స్కానింగు చూసి, టవర్‌తో భయం లేదు, ఒంట్లో రక్తం పెరగాలి అంది. మా ఆయన మాత్రం దుబాయిలో కూర్చుని, టవర్ తరంగాలు కడుపుకు చేటని చెప్పే ఏవేవో వీడియోలు చూశాడు. గదికి వెండి కాగితం అంటించమన్నాడు, తలుపుకు ఇనుప జాలీ కొట్టించమన్నాడు, ఫోను నా దరిదాపుల్లోకి రావొద్దన్నాడు. దూరాన ఉన్నవాడికి భయం ఎక్కువ.

మా అత్తకు ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు. గ్రహణం నాడు కడుపుతో ఉన్నదాన్ని లోపల పెట్టి సందులన్నీ మూసే ఇల్లు మాది. రేకుల గది గోడలకూ కిటికీకీ రొట్టెలు చుట్టే వెండి కాగితం అంటించింది. కిటికీకి పైనుంచి గొంగడి కూడా వేలాడదీసింది.

"ఈ గ్రహణం ఎప్పుడిడుస్తది అత్తమ్మా?" అన్నాను.

"కాన్పయితే ఇడుస్తది. సప్పుడు చెయ్యక పండుకో."

స్నానానికి బయటికొచ్చినా మళ్లీ లోపలికి తరిమేది.

ఆ గదిలో పగలు పగల్లా ఉండేది కాదు. జాలీలోంచి దూరిన కాస్త ఎండ కాగితం మీద పడి గోడలన్నీ నీళ్లలా కదిలేవి. పోచారం చెరువు అడుగున పడుకున్నట్టు, పైన ఎవరో తీరిగ్గా పడవ వేసుకుపోతున్నట్టు ఉండేది. బయట అత్త బీడీలకు తునికాకు కత్తిరించే చప్పుడు నిద్రలోకి వచ్చేది. కడుపులో ఉన్నదాన్ని నేను మోస్తున్నానో, అదే నన్ను మోస్తోందో తెలిసేది కాదు.

ఒక్కటే బాధ. ఆ గదిలోకి ఫోను మాట రాదు. తానే గోడ కట్టించి తానే బయట నిలబడ్డాడు మహానుభావుడు. మధ్యాహ్నం అన్నం వేళకు ఫోను చేస్తే అత్త వాకిట్లో నిలబడి మాట్లాడేది. నేను లోపలినుంచి కేకేసి అడిగేదాన్ని.

"ఏమంటుండు అత్తమ్మా?"

"పైలమంటుండు."

"ఇంకా?"

"ఇంకేమంటడు? పైలమే."

అంతసేపు మాట్లాడి, జాగ్రత్త అనే ఆ ఒక్క పైలమేనా! కొడుకు పెళ్లానికి చెప్పిన మాటను తల్లి తన నోటితో ఎలా అంటుంది? సిగ్గు ఆమెకు, మంట నాకు. ఆయన గొంతు ఎలా ఉంటుందో గుర్తు రాక ఒకరోజు నిజంగానే ఏడ్చాను.

అయిదో నెలలో బిడ్డ కదిలింది. అంతకుముందు ఏ కడుపూ అంతదాకా రాలేదు. ఆ మధ్యాహ్నం ఫోను మోగగానే జాలీ దగ్గరికి వెళ్లి అరిచాను.

"బిడ్డ కదిలిందని చెప్పు అత్తమ్మా!"

అత్త చెప్పింది. ఆ తర్వాత ఫోను చెవికి పెట్టుకుని ఊరికే నిలబడింది.

"ఏమంటుండు?"

ఈసారి పైలం అనలేదు. వచ్చి జాలీ తలుపు బార్లా తీసింది.

"ఏడుస్తుండు బిడ్డా. ఏడుపు నేనెట్ల చెప్పాలె? నువ్వే రా."

వాకిట్లోకి, ఆ టవర్ కిందికే వెళ్లాను. ఫోను చెవికి ఆనించుకున్నాను. ఆయన ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు, పక్కనే కూర్చున్నంత దగ్గరగా. నేను పలికితే ఎక్కడ ఆపేస్తాడోనని చాలాసేపు పలకలేదు.