డెమో క్లాసుకు వచ్చిన బెంగాలీ పెద్దమనిషి

ఆ బెంగాలీ రచయిత పేరు ఇక్కడ రాయను. రాస్తే కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్‌లో ఎవరో ఒకరు దాని కింద గీత గీసి, పక్కన చుక్క గుర్తు పెట్టి, బిట్టు చేసేస్తారు. ఇప్పటికే ఆయన చాలాకాలం బిట్టుగా బతికాడు. పోటీ పరీక్షల పుస్తకాల్లో, "కింది వాటిని జతపరచుము" అన్నచోట, ఎడమవైపు ఆయన, కుడివైపు ఆయన నడిపిన పత్రిక, మధ్యలో ఒక గీత. ఆ గీత పొడుగునా ఒక మనిషి బతుకు ఉందని మా మామయ్య అంటారు.

మామయ్య అంటే నా భార్య తండ్రి. చిక్కడపల్లిలో ఆయన పై వాటాలో, మేం కింది వాటాలో ఉంటాం. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ను బెంగాల్లో ఒక చిన్న స్టేషనుకు వేశారు. చేప ముట్టని మనిషిని బెంగాల్‌కు పంపడం రైల్వేవాళ్ల హాస్యం అనుకోవాలి. "చేప వద్దు" అని చెప్పడానికే ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. చెప్పినా ఎవరూ నమ్మలేదు. వాదించడానికి మరికొంత నేర్చుకున్నారు. అట్లా భాష వచ్చేసింది.

బదిలీ మీద తిరిగొచ్చేటప్పుడు అక్కడి స్టేషను మాస్టరు ఒక పాత పుస్తకం చేతిలో పెట్టారట. అందులో ఉన్నాడు ఈ పెద్దమనిషి. పల్లెటూళ్లో బడిపంతులు. ఉన్న ఊళ్లోనే పత్రిక పెట్టాడు. రాసేది ఆయనే, దిద్దేది ఆయనే, కట్టలు కట్టుకుని మోసుకెళ్లి ఇంటింటికీ ఇచ్చేదీ ఆయనే. నీలిమందు దొరలు రైతులను ఏం చేస్తున్నారో, జమీందారు కచేరీలో ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు అచ్చేశాడు. పైవాళ్లకు నచ్చలేదు. కిందివాళ్లకు చదవడం రాదు. పత్రిక నడపడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

రిటైరయ్యాక మామయ్య ఆయన జీవితాన్నీ, పత్రికలో రాసిన వ్యాసాలనూ తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. పొద్దున కాఫీ అయ్యాక కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేవారు. పని ముగిశాక అసలు కష్టం మొదలైంది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి. పార్కులో తనతో పొద్దున నడిచే మిత్రబృందానికి చెప్పి చూశారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నడక వేగం పెంచారు. డాక్టర్లు సాధించలేనిది ఆ బెంగాలీ ఆయన సాధించాడు.

కిందటేడు ఒక చిన్న హాలు తీసుకుని సభ పెట్టాం. వచ్చింది మా ఇంటివాళ్లం, అధ్యక్షుడు, వాచ్‌మన్. వాచ్‌మన్ శ్రద్ధగా వింటున్నాడని మామయ్య చాలా సంతోషించారు. తాళం వేయడానికి నిలబడ్డాడని మేం చెప్పలేదు. ఆయనే తెలుసుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ కాగితాలు ముట్టలేదు. ఒకరోజు మేడ మీదినుంచి దిగొచ్చి, "ఇంకొక్కసారి చూద్దాం అల్లుడూ," అన్నారు. "గీసారి గూడ వినెటోళ్లు లేకపోతే కాగితాలన్నీ అటక మీద పెడ్త. పాపం, ఆయనను జర రెస్టు తీసుకోనిద్దాం."

నవ్వుతూనే అన్నారు. నా భార్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన పైకి వెళ్లాక వంటింట్లోకి పిలిచి, "హార్మోనియం యాదికున్నదా?" అంది.

యాదికుంది. మామయ్యకు ఒకప్పుడు హార్మోనియం ఉండేది. ఒక పెళ్లిలో ఎవరో "ఇక చాలు పెద్దాయనా" అన్నారట. ఆ రోజు అటకెక్కిన పెట్టె మళ్లీ దిగలేదు. అటక మీదినుంచి ఏదైనా దింపే అలవాటు ఆ ఇంట్లో లేదు.

కాబట్టి ఈ రెండో సభ నా నెత్తిన పడింది. నేను బషీర్‌బాగ్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను. జరగరాని వాటికి ముందే సిద్ధపడమని జనానికి చెప్పడం నా వృత్తి. కరపత్రం అచ్చుకు అశోక్‌నగర్‌లో ఒక డీటీపీ షాపులో ఇచ్చాను. మ్యాటరు, మామయ్య ఫోటో ఫోన్లో పంపాను. ప్రూఫు కూడా ఫోన్లోనే వచ్చింది. తెరమీద పై సగం కనిపించింది. రచయిత పేరు, హాలు, టైము అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఓకే అన్నాను.

సభ రోజు ఆదివారం. పొద్దున పాలకు వెళ్తే వీధి చివర కరెంటు స్తంభానికి మామయ్య కనిపించారు. మెడలో టై ఉంది. మామయ్య జీవితంలో టై కట్టలేదు. మొహం ఆయనది, మెడ నుంచి కిందికి ఇంకెవరిదో. ఫోన్లో నేను చూడని కింది సగం ఇది: ఫోటో మీద అర్ధచంద్రాకారంలో "ఉచిత డెమో క్లాస్". ఫోటో కింద "సీనియర్ ఫ్యాకల్టీ". ఇంకా కింద "పోటీ పరీక్షలకు అత్యంత ఉపయోగకరం, సీట్లు పరిమితం, ముందుగా వచ్చిన వారికే".

అక్కడే నిలబడి షాపతనికి ఫోన్ చేశాను.

"అన్నా, నేను సభ అని చెప్పిన కదా?"

"సభనే గదన్నా. గీ ఏరియాల ఉత్త సభ అంటే ఎవలొస్తరు? నా దగ్గర కోచింగ్ సెంటరోళ్ల ఫైల్ రెడీగ ఉండె. దాంట్లనే మీ మ్యాటర్ ఎక్కించిన. ప్రూఫ్ పంపిన, మీరే ఓకే అన్నరు."

"టై ఏందన్నా?"

"ఫ్యాకల్టీ అంటే టై ఉండాలె గదా." కొంచెం ఆగి, తృప్తిగా, "లేడీస్ హాస్టళ్లల్ల గూడ పంచిపిచ్చినం. పరేషాన్ గాకు అన్నా, హాలు నిండుతది," అన్నాడు.

పరేషాన్ అదే. ఇంటికొచ్చి భార్యకు చెప్పాను. పాలు పొంగుతున్నా చూడకుండా విన్నది.

"నాన్నకు చెప్పకు. చెప్తే రాడు."

"రాకపోతే?"

"అటక."

"వచ్చినంక, బిట్లు లేవని పిల్లలు లేచి పోతే?"

"అటకనే," అని స్టవ్ ఆర్పింది.

రెండు దారులూ ఒకే చోటికి వెళ్తున్నప్పుడు మాట్లాడకుండా ఉండే దారి మేలు. మాట్లాడకుండా ఉన్నాం.

సాయంత్రం హాలుకు వెళ్లేసరికి మెట్ల మీద చెప్పులకు చోటు లేదు. లోపల అన్ని కుర్చీల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు. వీపు సంచులు ఒళ్లో పెట్టుకుని, పెన్నుల మూతలు తీసి సిద్ధంగా ఉన్నారు. కొందరు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మనది సాహిత్య సభ, ముందు వరుసలో పేపరు చదువుకునే పెద్దమనిషి ఒక్కరైనా ఉండాలి. ఆయన కూడా లేరు.

అధ్యక్షుడు లేకుండా సభ మొదలుపెట్టడం మా వైపు ఆచారం కాదు. అధ్యక్షుడేమో లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నానని ఫోన్ చేశారు. ఆయన తొలిపలుకులు ఎంతసేపు ఉంటాయో ఎరిగినవాణ్ని కనుక, దేవుడు ఒక్కోసారి ట్రాఫిక్ రూపంలో వస్తాడని ఆ రోజు నమ్మాను. మామయ్య కాసేపు చూసి, నేరుగా వెళ్లి మైకు పట్టుకున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నారు. టై లేదు.

ఆయన నోరు తెరిచే లోపే మూడో వరుసలో ఒక అబ్బాయి లేచాడు. "సార్, ఈ టాపిక్‌ల నుంచి ఎన్ని బిట్లు వస్తయ్?"

నా భార్య నా మణికట్టు పట్టుకుంది. ఆ గోటి గుర్తు రెండు రోజులు ఉంది.

మామయ్య కళ్లజోడు సర్దుకున్నారు. "ఒక్కటి," అన్నారు. "ఒక్కటే వస్తది. గది ఇప్పుడే చెప్త, రాసుకోండ్రి."

రచయిత పేరు చెప్పారు. పత్రిక పేరు చెప్పారు. రెండుసార్లు, నిదానంగా. హాలంతా పెన్నుల చప్పుడు.

"రాసుకున్నరా? ఇగ పోవాల్సినోళ్లు పోవచ్చు. చదువుకునే పిల్లలు, మీ టైం ఖరాబు చెయ్య. ఉన్నోళ్లకు గా బిట్టు ఎట్ల బతికిండో చెప్త."

కుర్చీలు జరిగాయి. వెనక వరుస దాదాపు అంతా లేచింది. గోడకు ఆనుకున్నవాళ్లలో కొందరు బయటికి వెళ్లారు. మరికొందరు ఆ ఖాళీ కుర్చీల్లో కూర్చున్నారు. ఫ్యాన్ కింద కూర్చోవడానికా, వినడానికా అని అప్పుడు చెప్పలేకపోయాను. బిట్టు అడిగిన అబ్బాయి సంచి భుజానికి వేసుకుని, లేవాలా వద్దా అన్నట్టు అంచున కూర్చున్నాడు.

మామయ్య మొదలుపెట్టారు. గుడిసెలో అచ్చు యంత్రం, చీకటి పడకముందే అక్షరాలు పేర్చుకునే మనిషి, తడి కాగితాలు ఆరబెట్టిన తాడు. మాకు ఎన్నోసార్లు చెప్పిందే. కానీ మాకు చెప్పేటప్పుడు మధ్యలో "వింటున్నరా?" అని అడుగుతుండేవారు. ఆ రోజు అడగలేదు.

జమీందారు మనుషులు కర్రలతో ఆయన ఇంటిమీదికి బయలుదేరిన దగ్గరికి వచ్చి, గ్లాసు అందుకుని మంచినీళ్లు తాగారు. కావాలని ఆగలేదు, దాహం వేసింది.

"మరి పత్రిక ఆపేసిండా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. హాస్టలు నుంచి వచ్చిన పిల్ల, చేతిలో ఇంకా కరపత్రం ఉంది.

"ఆపలేదు బిడ్డా. ఊళ్లె పాటలు పాడుకుంట తిరిగే బైరాగులు ఉన్నరు గదా, వాళ్లొచ్చి గుమ్మం ముంగట నిలబడ్డరట. చేతుల తంబూర ఉండెటోళ్లు ఆ రోజు కర్రలు పట్టిండ్రు. వచ్చినోళ్లు ఎన్కకు పోయిండ్రు."

"మా దిక్కు గూడ అంతే సార్," అంది ఆ పిల్ల. "దొర మనుషులు వస్తే పాట పాడెటోళ్లే ముందుగాల నిలబడ్డరని మా నాయనమ్మ చెప్తది."

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు మామయ్య. ఆమె చెప్పింది. ఇంకొకడు లేచి వాళ్ల ఊరి దొర గడీ సంగతి ఎత్తుకున్నాడు. మరొకడు "నువ్వు కూసో రా, సార్‌ను చెప్పనియ్యి," అని వాణ్ని చొక్కా పట్టి లాగాడు. మామయ్యను చెప్పనివ్వమని ఇంకొకరు గొడవపడటం నేను మొదటిసారి చూశాను. పక్కన నా భార్య నా చెయ్యి వదిలేసింది.

చివరికి పత్రిక ఆగిపోవడం, ఆయన పాటలు కట్టుకుంటూ ఊళ్లు తిరగడం, ఆ పాటలు పత్రికకన్నా దూరం పోవడం, అన్నీ చెప్పారు. బిట్టు అడిగిన అబ్బాయి సంచి ఎప్పుడో కిందపెట్టేశాడు. "అయితే ఆయన గెలిచిండా సార్, ఓడిపోయిండా?" అన్నాడు.

మామయ్య ఆలోచించారు. "ఏమో కొడుకా. ఆ జమీందారు పేరైతే నాకు యాదిలేదు."

పిల్లలు నవ్వారు. చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, ట్రాఫిక్‌ను నిందించి, ముగిసిన సభను ప్రారంభించారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. మామయ్య కప్పించుకున్న శాలువా పక్కన పెట్టి, తన చుట్టూ మూగిన పిల్లలతో మాట్లాడుకుంటున్నారు. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు వాళ్లు.

తిరిగి వస్తూ నారాయణగూడలో ఇరానీ హోటల్‌లో కూర్చున్నాం. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, మామయ్య తీరిగ్గా తిన్నారు. నేను ధైర్యం చేశాను.

"మామయ్యా, ఆ పిల్లలు ఎట్ల వచ్చిండ్రంటే..."

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పరిచారు. టైతో ఉన్న ఆయనే.

"పొద్దుగాల వాకింగ్‌కు పోతుంటె చూసిన. స్తంభానికి ఉండె. జర జాగర్తగ పీకి తెచ్చుకున్న."

"చూసి కూడా వచ్చినవా నాన్నా?" అంది నా భార్య. "లేచి పోతరని భయం కాలేదా?"

"ఎందుకు గాలె? పొద్దున్నుంచి అన్నం సయించలే." ఇంకో బిస్కెట్ తీసుకున్నారు. "కానీ పోయెటోళ్లకు తొవ్వ ముందుగాలనే ఇచ్చిన. ఇగ ఉన్నోళ్లు ఉన్నట్టే గదా."

నా భార్య కళ్లు తుడుచుకుని, చాయ్ వేడిగా ఉందని చెప్పింది. చాయ్ చల్లారి చాలాసేపైంది.

మామయ్య కరపత్రాన్ని మళ్లీ మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

"రేపు కాగితాలు అచ్చుకిద్దాం అల్లుడూ. గదే షాపుల ఇద్దాం, పిలగాడు హుషారున్నడు." చాయ్ చివరి గుటక తాగి, కప్పు సాసర్లో పెట్టారు. "ప్రూఫు మాత్రం నేను చూస్త."